బూజు గోడకి కాదు... కంటికి!

నాలుగేళ్ళ కిందటి సంక్రాంతి ముందు రోజులు. ఇల్లంతా దులిపి కడుక్కుంటున్నాం. మా అత్తయ్య వరండాలో మంచం మీద కూర్చుని, "అమ్మాయ్, ఆ తూర్పు గోడకి బూజు వేలాడుతోంది, నీ కళ్ళకి ఆనలేదా?" అన్నారు. నిన్ననే దులిపానే అనుకుంటూ బూజుకర్ర తీసుకెళ్ళాను. గోడ మీద ఏమీ లేదు. "అదిగో, ఇటు జరిగింది" అన్నారు. అటు దులిపాను. "ఇప్పుడు పైకి పోయింది" అన్నారు. నాకు నవ్వొచ్చింది. "బూజు ఎక్కడన్నా నడుస్తుందా అత్తయ్యా?" అన్నాను. ఆవిడా నవ్వేశారు. పిండివంటల హడావుడిలో ఆ మాట అక్కడితో మరిచిపోయాం.

కనుమ నాడు పొద్దున్నే ఆవిడ ఎడమకంటి ముందు నల్లటి తెర దిగిపోయింది. నొప్పి లేదు, ఎరుపు లేదు, నీరు కారడం లేదు. చూపు మాత్రం లేదు.

పెద్ద ఊరి కంటాసుపత్రిలో డాక్టరమ్మ పరీక్ష చేసి మమ్మల్ని ఒకటే ప్రశ్న అడిగారు. "పన్నెండేళ్ళ నుంచీ షుగరు ఉందంటున్నారు. కంటి వెనక భాగం ఒక్కసారైనా చూపించారా?" మా వారు, "కళ్ళజోడు రెండుసార్లు మార్పించామండీ" అన్నారు. డాక్టరమ్మ ఇంకేమీ అనలేదు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. పన్నెండేళ్ళూ ఆవిడకి చప్పిడి కూరలు వండింది నేనే. మాత్రలు టైముకి ఇచ్చింది నేనే. నెలనెలా రక్తపరీక్ష చేయించింది నేనే. కళ్ళ సంగతి మాత్రం నాకు తట్టలేదు.

ఆ బూజు గోడకి పట్టింది కాదు సోదరీమణులారా. ఆవిడ కంటి లోపల కారిన రక్తం నీడ అది. ఆ రోజు నవ్వకుండా బస్సెక్కి ఉంటే కొంత దక్కేదేమో. అందుకే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. మా డాక్టరమ్మని అడిగి తెలుసుకున్నవీ, మా వేటపాలెంలో 1918 నుంచీ ఉన్న సారస్వత నికేతనం గ్రంథాలయంలో కూర్చుని చదువుకున్నవీ మీతో చెప్పుకోవాలని.

షుగరుకీ కంటికీ ఏమిటి సంబంధం?

పూర్వం కెమెరాలో ఫిలిం ఉండేది చూడండి, కంటి వెనక అలాంటి పలచటి పొర ఒకటి ఉంటుంది. దాన్నే రెటీనా అంటారు. మనం చూసే బొమ్మ పడేది దాని మీదే. దానికి వెంట్రుకల కంటే సన్నటి రక్తనాళాలు ఉంటాయి. ఏళ్ళ తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే ఆ నాళాల గోడలు పాడవుతాయి. పాత రబ్బరు గొట్టం అక్కడక్కడా ఉబ్బి, చెమర్చి, చివరికి పూడిపోయినట్టే. రక్తం అందని చోట రెటీనా అల్లాడి, కొత్త నాళాలు పుట్టించుకుంటుంది. అవి బలం లేనివి. ఎప్పుడో ఒకప్పుడు చిట్లుతాయి. చిట్లినప్పుడే మా అత్తయ్యకి కనిపించిన బూజు, నల్ల చుక్కలు, దారప్పోగులు, ఆఖరికి తెర.

ఇందులో మోసం ఏమిటంటే, నాళాలు చిట్లే దాకా చూపు బాగానే ఉండొచ్చు. మా అత్తయ్య ఆ వారం దాకా బియ్యంలో రాళ్ళు ఏరారు, సూదిలో దారం ఎక్కించారు. చూపు బాగుంది కదా అనేది ధైర్యం కానే కాదు.

షుగరు కంటిని ఇంకో రెండు మూడు రకాలుగా కూడా పట్టుకుంటుంది. శుక్లాలు ముందుగా వస్తాయి. నీటికాసుల జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది. చక్కెర బాగా పెరిగి తగ్గుతున్నప్పుడు కంటిలోని కటకం ఉబ్బి, ఒక వారం కనిపించిన అక్షరం ఇంకో వారం కనిపించదు. అందుకని షుగరు అదుపులోకి రాకుండా కొత్త కళ్ళజోడు కొనుక్కోవడం డబ్బు దండగ.

మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉందని వైద్య పరిశోధన మండలి వారి అధ్యయనం 2023లో తేల్చింది. అంటే ఏ వీధిలో చూసినా ఒకరిద్దరు ఉంటారు. అయితే ధైర్యం చెప్పే మాట కూడా ఉంది. చిన్నవయసులో షుగరు వచ్చి ఇన్సులిన్ తీసుకునేవారి మీద అమెరికాలో చేసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 1993లో వచ్చాయి. చక్కెరని గట్టిగా అదుపులో పెట్టుకున్నవారిలో కంటి జబ్బు కొత్తగా మొదలయ్యే ప్రమాదం 76 శాతం తగ్గింది. పెద్దవయసు షుగరులోనూ అదుపు వల్ల మేలు ఉంది. దానితోపాటు బీపీని కూడా అదుపులో ఉంచుకోవాలి. అంటే చాలావరకు మన వంటింటి చేతిలోనే ఉందన్నమాట.

ఏడాదికోసారి... చూపు బాగున్నా సరే

పెద్దవయసులో షుగరు బయటపడితే, బయటపడిన నాడే కంటి వెనక భాగం పరీక్ష చేయించాలి. ఎందుకంటే జబ్బు ఎన్నాళ్ళ నుంచి లోపల దాగి ఉందో ఎవరికీ తెలియదు. ఆ తరవాత ఏడాదికోసారి తప్పకూడదు. పిల్లల్లో వచ్చే షుగరుకి అయిదేళ్ళ తరవాత నుంచి ఏటా చూపించాలి. ముందే షుగరు ఉన్న అమ్మాయి నెల తప్పితే మొదటి మూడు నెలల్లోపే కళ్ళు చూపించండి. గర్భంతో ఉన్నప్పుడు ఈ జబ్బు ముదిరే భయం ఉంది.

కళ్ళజోడు కోసం అక్షరాల బోర్డు చదివించడం వేరు, ఈ పరీక్ష వేరు. చుక్కల మందు వేసి కంటిపాపని పెద్దది చేసి, లోపలికి వెలుగు వేసి చూస్తారు. ఆ తరవాత నాలుగైదు గంటలు దగ్గరి వస్తువులు మసగ్గా ఉంటాయి, ఎండ చూడలేం. కాబట్టి తోడు తీసుకెళ్ళండి. స్కూటరు మీద మీరే నడుపుకుంటూ వెళ్ళకండి.

ముందుగా దొరికితే లేజరు కిరణాలతో ఆ పాడు నాళాలని అణచివేస్తారు. రెటీనాలో వాపు వస్తే కంటిలోకి ఇంజెక్షన్లు ఇస్తారు. కంటిలోకి సూదా అని భయపడకండి, ముందు మొద్దుబారే మందు వేస్తారు. మా అత్తయ్య ఎడమకంటికి ఆపరేషన్ చేశారు. అయినా ఎదురుగా పెట్టిన వేళ్ళు లెక్కపెట్టే చూపే మిగిలింది. కుడికంటిలోనూ జబ్బు మొదలై ఉంది గానీ లేజరుతో అది నిలిచింది. ఆ ఒక్క కంటితోనే ఈవేళ్టికీ ఆవిడ వత్తులు చేసుకుంటున్నారు.

నలకే కదా అని...

బూజు అంటే ఇంకో అర్థం మన వంటింట్లోనే ఉంది. తడి గరిటె పెట్టిన ఆవకాయకి పడుతుందే, ఆ బూజు. డాక్టర్లు ఫంగస్ అంటారు. అది కంటికీ పడుతుంది.

మాకు పాలు పోసే ఆవిడ రెండేళ్ళ కిందట పర్చూరు వైపు మిరపకోతకి వెళ్ళింది. వంగి కోస్తుంటే కొమ్మ కంట్లో గుచ్చుకుంది. ఎవరో ఆకు పసరు పిండారు. ఎరుపు తగ్గకపోతే, వాళ్ళాయన మందుల షాపుకెళ్ళి కండ్లకలకకని చెప్పి చుక్కల మందు తెచ్చాడు. రెండు రోజులు ఎరుపు తగ్గినట్టే ఉంది. తరవాత నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపించింది. ఆసుపత్రికి వెళ్ళేసరికి పది రోజులైంది. గంటగంటకీ మందు వేస్తే కన్ను నిలిచింది గానీ, పువ్వు మిగిలిపోయింది.

ఆ షాపు చుక్కల్లో స్టిరాయిడ్ ఉందని తరవాత తెలిసింది. స్టిరాయిడ్ ఎరుపుని అణిచేస్తుంది, అందుకే తగ్గినట్టు అనిపిస్తుంది. కానీ కంటికి ఉన్న ఎదిరించే శక్తిని కూడా అణచడంతో బూజు లోపల హాయిగా పెరుగుతుంది. ఆకు పసరులో, చనుబాలలో, ఆముదంలో ఉన్న క్రిములు పుండులోకి నేరుగా చేరతాయి. పెద్దవాళ్ళు ప్రేమతోనే చేస్తారు. కాదనలేను. కానీ దెబ్బ తగిలిన కంట్లో శుభ్రమైన నీళ్ళూ, డాక్టరు ఇచ్చిన మందూ తప్ప ఇంకేదీ పడకూడదు.

హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళు పదేళ్ళ పాటు తమ దగ్గరికి వచ్చిన ఇలాంటి ఫంగస్ పుండ్లని లెక్క తీశారు. వెయ్యికి పైగా తేలాయి. అందులో సగం మందికి పైగా ముందు కంటికి ఏదో దెబ్బ తగిలినవాళ్ళే. వరి ఆకు గీసుకున్నా, పత్తి కంప తగిలినా, నూర్పిడి ధూళి పడినా దారి అదే. మా వైపు జీడిగింజలు కొట్టే ఆడవాళ్ళు ఎందరో. జీడి రసం చర్మాన్నే కాలుస్తుంది. ఆ చేత్తో కళ్ళు తుడుచుకుంటే ఇంక చెప్పాలా? మిరపకాయల తొడిమలు తీసేవాళ్ళూ అంతే. కొంగుతో కళ్ళు నలపకండి. కుళాయి కింద నీళ్ళు పోసుకుంటూ పదిహేను నిమిషాలు కడగండి.

కండ్లకలక సంగతి వేరు. 2023 వానాకాలంలో ఇంటిల్లిపాదికీ వచ్చి పోయింది, గుర్తుందా? అది చాలావరకు దానంతటదే తగ్గుతుంది. తువాలు, దిండుగలీబు, కాటుక ఎవరివి వాళ్ళకి ఉంచితే చాలు. కానీ నొప్పి ఎక్కువైనా, వెలుగు చూడలేకపోయినా, చూపు తగ్గినా, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపించినా అది కండ్లకలక కాదు. ఆ రోజే బయల్దేరాలి.

అక్కి గురించి కూడా ఒక మాట. మనవాళ్ళు అక్కి లేస్తే జాజుతో రాయిస్తారు. నడుం మీద లేస్తే కన్నుకి భయం లేదు. కానీ నుదుటి మీద ఒక పక్కన, ముక్కు కొస మీద పొక్కులు లేస్తే, అది కంట్లోకి దిగే దారి. మూడు రోజుల్లోపు మాత్రలు మొదలుపెడితే మేలు. రాయించుకున్నా రాయించుకోండి గానీ, ముందు కంటి డాక్టరుకి చూపించండి.

షుగరూ ఫంగసూ కలిస్తే

ఇవి రెండూ చేయి కలిపితే ఏమవుతుందో 2021 వేసవిలో మన రాష్ట్రం చూసింది. కరోనా రెండో దెబ్బలో, షుగరు అదుపులో లేనివాళ్ళకీ స్టిరాయిడ్లు ఎక్కువగా వాడినవాళ్ళకీ బ్లాక్ ఫంగస్ పట్టింది. ముక్కులో మొదలై, ఎముక తొలుచుకుంటూ కంటి గూట్లోకీ, అక్కడి నుంచి మెదడు దాకా పోయే జబ్బు అది. ప్రాణం దక్కించడానికి కన్నే తీసేయాల్సి వచ్చినవాళ్ళు ఎందరో.

కరోనా తగ్గినా ఆ ఫంగస్ ఎక్కడికీ పోలేదు. అది మట్టిలో, కుళ్ళిన ఆకుల్లో ఎప్పుడూ ఉండేదే. షుగరు బాగా పెరిగినవాళ్ళకి ఒక పక్క ముఖం నొప్పి, ముక్కులోంచి నల్లటి పక్కు, రెప్ప వాపు, ఒకటి రెండుగా కనబడటం... వీటిలో ఏది కనిపించినా జలుబు అని ఆవిరి పట్టుకుంటూ కూర్చోవద్దు.

ఫోటోలో తెల్లగా మెరిసిన కన్ను

ఇక్కడ చంటిపిల్లల తల్లులు కాస్త ఆగి చదవండి. సెల్‌ఫోనులో ఫ్లాష్ వేసి బిడ్డ ఫోటో తీస్తాం. ఒక్కోసారి రెండు కంటిపాపలూ ఎర్రగా పడతాయి, అది మామూలే. ఒకటి ఎర్రగా, ఒకటి తెల్లగా పడితే మాత్రం ఆలోచించాలి. చీకట్లో పిల్లి కన్నులా మెరుస్తోందని కొందరు ముద్దుగా చెప్పుకుంటారు. కొత్తగా వచ్చిన మెల్లకన్ను అదృష్టమని ఇంకొందరు. ముద్దూ కాదు, అదృష్టమూ కాదు. కొన్నిసార్లు శుక్లం కావచ్చు, కొన్నిసార్లు ఫోటో తీసిన వాలు వల్లా కావచ్చు. కానీ రెటినోబ్లాస్టోమా అనే క్యాన్సర్ కూడా సరిగ్గా ఇలాగే బయటపడుతుంది.

ఇది ఎక్కువగా అయిదేళ్ళలోపు పిల్లలకి వస్తుంది. సుమారు పదిహేను, ఇరవై వేల కాన్పుల్లో ఒక బిడ్డకి. ముందుగా దొరికితే ప్రాణం దక్కడమే కాదు, చాలాసార్లు కన్నూ దక్కుతుంది. మందులు, లేజరు, చల్లబరిచే వైద్యం ఉన్నాయి. జబ్బు ముదిరితే ప్రాణం కోసం కన్ను తీయాల్సి వస్తుంది. డాక్టర్లు ఆ మాట చెప్పగానే ఆడపిల్లకి కన్ను తీయిస్తే రేపు పెళ్ళెలా అంటూ ఇంటికి తీసుకొచ్చేసేవాళ్ళు ఉంటారట. అమ్మలూ, కృత్రిమ కన్ను పెడితే పక్కవాళ్ళు గుర్తుపట్టడం కూడా కష్టం. పోయిన బిడ్డని ఎవరు తెచ్చిపెడతారు? కొన్ని కుటుంబాల్లో ఇది రక్తసంబంధంగా కూడా వస్తుంది కాబట్టి, ఒక బిడ్డకి వస్తే తోడబుట్టినవాళ్ళ కళ్ళు కూడా చూపించాలి.

రెప్ప మీది కురుపు, రొమ్ములో గడ్డ

పెద్దవాళ్ళకి వచ్చేవి ఇంకో రకం. కంటికురుపు రాని ఇల్లుండదు. వేడి కాపడం పెడితే వారం పది రోజుల్లో పోతుంది. కానీ యాభై దాటినవాళ్ళకి ఒకేచోట మళ్ళీమళ్ళీ గడ్డ లేస్తుంటే, అక్కడి రెప్పవెంట్రుకలు రాలుతుంటే, ఒక్క కన్నే నెలల తరబడి ఎర్రగా ఉంటే, దాన్ని కోయించడంతో సరిపెట్టకండి. ముక్క పరీక్షకి పంపమని మీరే అడగండి. రెప్పలోని నూనె గ్రంథుల క్యాన్సర్ ఇలా కురుపు వేషంలోనే వస్తుంది. అది మన దేశంలో అంత అరుదేమీ కాదు. ఎండలో పనిచేసేవాళ్ళకి తెల్లగుడ్డు మీద కండలా పెరుగుతుంది. అది మామూలు కండ కావచ్చు, కాకపోవచ్చు. గబగబా పెరుగుతున్నా, గరుగ్గా తెల్లగా ఉన్నా చూపించాలి.

ఇంకొకటి మన ఆడవాళ్ళలో చాలామందికి తెలియదు. ఆడవాళ్ళకి వేరే చోటి నుంచి క్యాన్సర్ కంటిలోకి పాకితే, అది ఎక్కువగా రొమ్ము క్యాన్సరే. చికిత్స అయిపోయి ఏళ్ళు గడిచినా సరే, చూపు మసకబారడం, మెరుపులు కనిపించడం, ఒక పక్క నీడ కమ్మడం ఉంటే, కళ్ళజోడు కోసం వెళ్ళకండి. కంటి డాక్టరు దగ్గర కూర్చోగానే, "నాకు ఫలానా ఏడు రొమ్ము ఆపరేషన్ అయింది" అని మొహమాటపడకుండా చెప్పండి. ఆ ఒక్కమాట వల్ల డాక్టరు చూసే చూపే మారుతుంది.

ఎక్కడికి వెళ్ళాలి?

మన తెలుగునాట కంటి వైద్యానికి కొదవలేదు. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిని 1987లో ప్రారంభించిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు గుంటూరులోనే వైద్యం చదువుకున్నారు. దాని శాఖ విజయవాడ దగ్గర తాడిగడపలో ఉంది. గుంటూరు దగ్గర పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి ఉంది. హైదరాబాదులో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉండనే ఉంది. ముందుగా మీ దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో కంటి డాక్టరుని అడిగినా, ఎక్కడికి పంపాలో వాళ్ళు చెబుతారు.

1996 నుంచి 2000 దాకా నాలుగు జిల్లాల్లో పదివేల మందికి పైగా కళ్ళు పరీక్షించి ఒక సర్వే చేశారు. చూపు పోయినవాళ్ళలో ఎక్కువమందికి కారణం శుక్లాలూ, సరైన అద్దాలు లేకపోవడమూ అని తేలింది. అంటే వైద్యం ఉన్నవే! వైద్యం ఉండీ, మనం వెళ్ళకే పోతోంది.

రెండేళ్ళ కిందట నాకూ షుగరు బయటపడింది. భయం వేసింది, దాచను. కానీ ఆ నెలలోనే వెళ్ళి కంట్లో చుక్కలు వేయించుకున్నాను. పక్కన తోడుగా కూర్చున్నది ఎవరనుకున్నారు? మా అత్తయ్యే. రెటీనాలో ఏమీ లేదు, మళ్ళీ ఏడాదికి రమ్మన్నారు. బయటికొచ్చాక ఎండ చూడలేక నేను కళ్ళు మూసుకుంటే, ఒంటికంటి చూపుతో ఆవిడే నన్ను చెయ్యి పట్టుకుని రైలెక్కించారు. ఇప్పుడు ఏటా సంక్రాంతికి బూజు దులిపే ముందే మేమిద్దరం కళ్ళు చూపించుకుని వస్తాం. ఇల్లు తరవాత దులుపుకోవచ్చు.

వంటింటి గోడకి అంటించుకోండి

* ఇంట్లో షుగరు ఉన్నవాళ్ళ కంటి పరీక్ష తేదీని కేలండరు మీద రాసిపెట్టుకోండి.
* బూజు, నల్ల చుక్కలు, మెరుపులు, తెర... ఒక్కసారిగా కనిపిస్తే ఆ రోజే బయల్దేరండి. నొప్పి కోసం ఎదురుచూడకండి.
* నెలకోసారి ఒక కన్ను మూసి, రెండో కంటితో కేలండరు అంకెలు చూడండి. రెండు కళ్ళూ తెరిచి ఉంటే ఒక కంటి లోపం ఇంకో కన్ను దాచేస్తుంది.
* కంట్లో పసరు, పాలు, ఆముదం వద్దు. చీటీ లేకుండా కొన్న చుక్కలూ వద్దు. పాత సీసాలో మిగిలిన మందు అసలే వద్దు.
* కారం, జీడి రసం, సున్నం పడితే వెంటనే ధారగా నీళ్ళతో కడగాలి. సున్నమైతే అరగంట కడిగి, పరుగున ఆసుపత్రికి. తాంబూలం సున్నం పిల్లలకి అందనివ్వకండి.
* చంటిబిడ్డ ఫోటోలో ఒక కంటిపాప తెల్లగా పడినా, కొత్తగా మెల్ల కనిపించినా ఆ వారంలోనే చూపించండి.
* పైపై ఎరుపుకి మందు కొనే ముందు షుగరు ఉన్నవాళ్ళు తమకి షుగరు ఉందని చెప్పి తీరాలి.